దానం ఊసెత్తే సలహాదారు కావాలి

బ్రిటన్‌లో కోఆపరేటివ్ లీగల్ సర్వీసెస్ అనే సంస్థ ఫోన్లో వివరాలు అడిగి తెలుసుకుని వీలునామాలు రాసిపెడుతుంది. బిహేవియరల్ ఇన్‌సైట్స్ టీమ్ అనే ప్రభుత్వ అనుబంధ బృందం అక్కడ ఒక ప్రయోగం చేసి, 2013లో ఫలితాలు బయటపెట్టింది. వీలునామా కోసం ఫోన్ చేసినవాళ్లను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు దగ్గర దానం ప్రస్తావనే తేలేదు. వాళ్లలో నూటికి 5 మంది తమంతట తామే ఏదో ఒక సేవాసంస్థకు కొంత రాశారు. రెండో గుంపును, సేవాసంస్థలకేమైనా రాయదలచుకున్నారా అని సాదాగా అడిగారు. ఈసారి రాసినవాళ్లు 10 శాతం దాటారు. మూడో గుంపుకు, మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇలా రాస్తుంటారని ముందు చెప్పి, మీ మనసుకు దగ్గరైన మంచి పని ఏదైనా ఉందా అని అడిగారు. అక్కడ 15 శాతం దాటింది.

ఇచ్చేవాళ్ల సంఖ్యతో పాటు ఇచ్చే మొత్తం కూడా మారింది. సాదాగా అడిగినప్పుడు ఒక్కొక్కరు సగటున 3,300 పౌండ్లు రాస్తే, మనసుకు దగ్గరైన పని గురించి అడిగినప్పుడు 6,661 పౌండ్లు రాశారు. వంద వీలునామాలకు లెక్కవేస్తే సాదాగా అడిగిన తీరుకు దాదాపు 34 వేల పౌండ్లు, మనసుకు దగ్గరైన పని గురించి అడిగిన తీరుకు లక్ష పౌండ్ల పైన. మూడు రెట్లు. అదే జనం, అదే ఆస్తి, అదే చట్టం. మారిందల్లా ఫోన్లో అవతలి మనిషి అడిగిన ఒక్క వాక్యం. ఆ వాక్యం అడగడానికి పట్టే సమయం పావు నిమిషం.

మనిషి మంచివాడైతే దానం చేస్తాడు, కాకపోతే చెయ్యడు అని మనం అనుకుంటాం. ఈ అంకెలు అంత సులువుగా ఒప్పుకోనివ్వవు. ఇచ్చే మనసు ఉండి కూడా ఎవరూ అడగనందువల్ల, ఎలా ఇవ్వాలో చెప్పనందువల్ల ఆగిపోయినవాళ్లు నూటికి పదిమంది ఉన్నారని ఆ ప్రయోగం తేల్చింది. ఆ పదిమందిని చేరాలంటే సభలూ, ప్రకటనలూ, సినిమా తారలూ అక్కర్లేదు. ఆస్తి కాగితాలు ముందు పెట్టుకుని కూర్చునే లాయరు, పన్నుల లెక్కలు చూసే అకౌంటెంటు, పెట్టుబడుల సలహాదారు, జీవితబీమా ఏజెంటు నోరు తెరిస్తే చాలు. అమెరికాలో కొన్ని దాతృత్వ సంస్థలు ఈ సంగతిని పట్టుకుని, ఆ వృత్తులవాళ్లకు దానధర్మాల సలహాలో శిక్షణ ఇప్పించడానికి స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాయి. పేదపిల్లల చదువుకు ఇవ్వాల్సిన డబ్బు బాగా సంపాదించే లాయర్లకు, అకౌంటెంట్లకు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. జవాబు లెక్కల్లో ఉంది.

అమెరికాలో 2024లో ఇచ్చిన విరాళాలన్నీ కలిపి 59,250 కోట్ల డాలర్లని గివింగ్ యూఎస్‌ఏ వార్షిక నివేదిక అంచనా. అందులో 39,245 కోట్లు, అంటే మూడింట రెండు వంతులు, వ్యక్తులు బతికుండగా ఇచ్చినవి. ఫౌండేషన్లు ఇచ్చింది 10,981 కోట్లు. వీలునామాల ద్వారా వచ్చింది 4,584 కోట్లు. కంపెనీలు 4,440 కోట్లు. పెద్ద పెద్ద చెక్కులు పట్టుకుని ఫొటోలు దిగేది కంపెనీలవాళ్లే. కానీ చనిపోయినవాళ్లు నిశ్శబ్దంగా రాసిపెట్టి వెళ్లిన మొత్తం ఆ దేశంలోని కంపెనీలన్నీ కలిసి ఇచ్చినదాన్ని మించింది.

రాబోయే రోజుల లెక్క ఇంకా పెద్దది. సెరూలీ అసోసియేట్స్ అనే పరిశోధన సంస్థ 2024 డిసెంబరులో ఒక అంచనా వేసింది. 2048 వరకు అమెరికాలో 124 లక్షల కోట్ల డాలర్ల ఆస్తి ఒకరి చేతుల్లోంచి మరొకరి చేతుల్లోకి వెళుతుందట. వారసులకు 105 లక్షల కోట్లు, సేవాసంస్థలకు 18 లక్షల కోట్లు. ఇంత పెద్ద అంకెలు చదివితే కళ్లు బైర్లు కమ్ముతాయి గనక ఒక్క శాతం పక్కకు తీసి చూద్దాం. 124లో ఒక్క శాతం 1.24 లక్షల కోట్లు. అంటే 2024లో ఆ దేశమంతా కలిసి ఇచ్చిన విరాళాలకు రెండింతలకు పైగా. ఆస్తులు చేతులు మారేటప్పుడు ఒక్క శాతం అటునుంచి ఇటు జరిగినా రెండేళ్ల దానం అదనంగా వచ్చినట్టే. ఆ ఒక్క శాతం ఎటు వెళుతుందో చాలావరకు తేలేది లాయరు గదిలో, అకౌంటెంటు బల్ల దగ్గర.

మరి ఆ బల్ల దగ్గర ఇప్పుడు ఏం జరుగుతోంది? అమెరికాలో సీపీఏలనే అకౌంటెంట్ల దగ్గర పన్ను రిటర్నులు వేయించుకునే ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఒక ప్రశ్నపత్రం వస్తుంది. జీతం ఎంత, ఇంటి అప్పుపై వడ్డీ ఎంత, పిల్లల సంరక్షణ ఖర్చెంత అని పేజీలకు పేజీలు. మధ్యలో ఎక్కడో విరాళాలకు రెండు గళ్లు ఉంటాయి. నగదు రూపంలో ఎంత, వస్తు రూపంలో ఎంత. ఆ గళ్లు అడిగేది నిరుడు ఏమిచ్చారని. విరాళం నిరుటి లెక్కలోకి రావాలంటే డిసెంబరు 31 లోపే చేతులు మారాలి. అంటే ప్రశ్న అడిగేసరికే గడువు దాటిపోయింది. ఇవ్వదలిస్తే ఏ ఆస్తి ఇవ్వాలి, ఏ ఏడు ఇవ్వాలి, ఎవరి పేరున ఇవ్వాలి అన్న మాట అక్టోబరులో రావాలి. వృత్తిలో ఎంతో సమర్థులైన సీపీఏలు కూడా ఆ మాట ఎత్తరు. వాళ్లు చదువుకున్న చదువులో పన్ను మినహాయింపు ఒక పాఠం. ఎదుటి మనిషిని నీకు ఏ పని మీద మనసుందని అడగడం ఏ పాఠంలోనూ లేదు.

ఆ పాఠం నేర్పే చదువు ఒకటి ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫైనాన్షియల్ సర్వీసెస్ ఇచ్చే చార్టర్డ్ అడ్వైజర్ ఇన్ ఫిలాంథ్రపీ అనే పట్టా. అందరూ క్యాప్ అంటారు. పెన్సిల్వేనియాలోని ఈ కాలేజీని 1927లో, వార్టన్‌లో బీమా శాస్త్రం బోధించిన సాలమన్ హ్యూబ్నర్ స్థాపించారు. జీవితబీమా అమ్మడాన్ని లాయరు, డాక్టరు వృత్తులకు సాటి వచ్చే వృత్తిగా నిలబెట్టాలన్నది ఆయన పట్టుదల. క్యాప్‌లో మూడు కోర్సులు. మొదటిది కుటుంబం గురించి. ఈ ఆస్తి ఎందుకు, పిల్లలకు ఎంత చాలు, మిగిలింది దేనికి అన్న సంభాషణ ఎలా నడపాలన్నది అందులో ఉంటుంది. రెండోది పనిముట్ల గురించి, అంటే ట్రస్టులు, ఫండ్లు, పన్ను చట్టాలు. మూడోది పుచ్చుకునే సంస్థ వైపు నుంచి చూడటం.

స్కాలర్‌షిప్పు నడిచే తీరు ఇలా ఉంటుంది. ఊళ్లోని కమ్యూనిటీ ఫౌండేషనో, ఒక దాతో ఫీజులో కొంత భాగం గానీ మొత్తం గానీ భరిస్తారు. ఎంపికైనవాళ్లంతా ఒక అధ్యయన బృందంగా ఏర్పడి నెలనెలా కలుస్తారు. ఒకే బల్ల చుట్టూ వీలునామాల లాయరు, సీపీఏ, పెట్టుబడుల సలహాదారు, బీమా ఏజెంటు, ఆసుపత్రికో కాలేజీకో విరాళాలు సేకరించే ఉద్యోగి కూర్చుంటారు. నా ఉద్దేశంలో ఈ కలయికే ఫీజు కంటే విలువైనది. మామూలుగా వీళ్లు ఒకే కుటుంబానికి వేర్వేరు గదుల్లో సలహాలిస్తూ ఒకరి మొహం ఒకరు చూడరు. కుటుంబ వ్యాపారం అమ్మకానికి వస్తోందని సీపీఏకు తెలుస్తుంది. వీలునామా పాతబడిందని లాయరుకు తెలుస్తుంది. ఆ కుటుంబ పెద్ద తాను చదివిన కాలేజీకి ఏదైనా చెయ్యాలనుకుంటున్నాడని విరాళాల ఉద్యోగికి తెలుస్తుంది. ఈ ముగ్గురూ మాట్లాడుకోనంతకాలం ఏదీ జరగదు.

తెలిసిన సలహాదారుకూ తెలియని సలహాదారుకూ తేడా డబ్బుల్లో ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. డాలస్‌లో ఒక జంట, ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి కలిపి 3 లక్షల డాలర్ల ఆదాయం అనుకోండి. చాలా ఏళ్ల కిందట 5 వేల డాలర్లకు కొన్న షేర్లు ఇప్పుడు 50 వేలయ్యాయి. అవి అమ్మి ఆ డబ్బు ఒక సేవాసంస్థకు ఇద్దామనుకున్నారు. అమ్మితే లాభం 45 వేలు. దీర్ఘకాల లాభంపై 15 శాతం, ఆ ఆదాయవర్గానికి పడే 3.8 శాతం కలిపి 18.8 శాతం పన్ను. అంటే 8,460 డాలర్లు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గనక ఇంతటితో పోయింది. సంస్థకు చేరేది 41,540. అమ్మకుండా షేర్లనే నేరుగా సంస్థ పేరుకు బదిలీ చేస్తే? లాభంపై పన్ను లేదు. సంస్థకు 50 వేలూ చేరుతాయి. మినహాయింపు కూడా 50 వేల మీద లెక్క. ఏడాదికి పైగా అట్టిపెట్టుకున్న షేర్లయి ఉండాలి, ఆదాయంలో 30 శాతం మించకూడదు. ముఖ్యమైన మెలికలు ఇవే. ఈ 8,460 డాలర్లు తెలివితేటలకు దక్కిన లాభం కాదు. చట్టం ఎప్పుడో ఇచ్చిన దారిని ఒకరు చూపించడం వల్ల పేదల ఆసుపత్రికో బడికో చేరిన సొమ్ము.

అదే జంట ఏటా 10 వేల డాలర్లు గుడికీ, బడికీ, అన్నదానానికీ ఇస్తారనుకుందాం. ఇంటి పన్ను, అప్పుపై వడ్డీ కలిపి మరో 18 వేలు. మొత్తం 28 వేలు. 2025లో ఖర్చుల వివరాలు చూపకుండానే దంపతులకు దొరికే స్టాండర్డ్ డిడక్షన్ 31,500. అది తీసుకోవడమే లాభం గనక ఆ 10 వేల దానానికి పన్ను లెక్కలో విలువ సున్నా. మూడేళ్ల విరాళం 30 వేలు ఒకే ఏడు, దాత సూచన మేరకు తర్వాత పంచే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో వేసి, అక్కణ్నుంచి ఏటా పదివేల చొప్పున పంపితే ఆ ఒక్క ఏడు మినహాయింపులు 48 వేలవుతాయి. స్టాండర్డ్ డిడక్షన్ కంటే 16,500 ఎక్కువ. 24 శాతం శ్లాబులో 3,960 డాలర్లు మిగులుతాయి. పుచ్చుకునే సంస్థలకు ఏ లోటూ లేదు, ఏటా అదే పదివేలు. మిగిలిన 3,960 కూడా ఇచ్చేయమని చెప్పగల సలహాదారు ఉంటే ఇంకా మేలు.

2026 నుంచి చట్టం మళ్లీ మారింది. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునే దంపతులు కూడా నగదు విరాళాల్లో 2 వేల డాలర్ల వరకు మినహాయింపు పొందవచ్చు. ఒంటరివారికి వెయ్యి. వివరంగా లెక్క చూపేవాళ్లకు మాత్రం ఆదాయంలో అర శాతం దాటిన విరాళానికే మినహాయింపు. 3 లక్షల ఆదాయానికి అది 1,500 డాలర్లు. ఏటా ఇస్తే ఏటా ఆ 1,500 పోతాయి, మూడేళ్లది ఒకేసారి ఇస్తే ఒక్కసారే పోతాయి. వయసు 70న్నర దాటినవాళ్లకు రిటైర్మెంట్ ఖాతా నుంచి నేరుగా సేవాసంస్థకు పంపే వీలుంది, 2025లో దాని పరిమితి 1,08,000 డాలర్లు. ఆస్తిని ట్రస్టులో పెట్టి, బతికున్నంతకాలం ఏటా కనీసం 5 శాతం తాము తీసుకుంటూ, మిగిలింది తర్వాత సేవాసంస్థకు చెందేలా రాసే ఏర్పాటు 1969 చట్టం నాటి నుంచీ ఉంది. ఇవన్నీ ఎవరికి వారు చదువుకుని తేల్చుకోగలిగినవి కావు. చట్టం రెండేళ్లకోసారి మారే దేశంలో సలహాదారు చదువు కూడా అంతే వేగంగా సాగాలి.

పన్ను మాట పక్కన పెట్టినా, ముందుచూపు లేకుండా రాసిన దానం ఎంతకాలం వృథాగా పడి ఉంటుందో చెప్పే కథ ఒకటి ఉంది. సెయింట్ లూయీ నగరానికి మేయరుగా చేసిన బ్రయన్ ముల్లాన్‌ఫీ 1851లో చనిపోయారు. తన ఆస్తిలో మూడో వంతును, పడమటి ప్రాంతాల్లో స్థిరపడటానికి వెళుతూ సెయింట్ లూయీ మీదుగా పోయే పేద వలసజీవులకు సాయం చెయ్యడానికని రాశారు. ఆనాడు అది ఎంతో అవసరమైన సాయం. బండ్లు కట్టుకుని వచ్చిన కుటుంబాలు ఆ ఊళ్లో జబ్బుపడి, చేతిలో డబ్బు అయిపోయి చిక్కుకుపోయేవి. తర్వాత రైళ్లొచ్చాయి. ఆ బండ్ల బాటలు మూతపడ్డాయి. నిధి పెరుగుతూ పోయింది, తీసుకునేవాళ్లు తగ్గుతూ పోయారు. వీలునామాలోని షరతు మాత్రం రాసిన చోటే ఉంది. ఎక్కడివారైనా సరే, దారిలో చిక్కుకున్న ప్రయాణికులకు ఖర్చుపెట్టుకోవచ్చని తేలేసరికి దశాబ్దాలు గడిచాయి. రాసిన రోజున పక్కన ఎవరైనా కూర్చుని, ఈ అవసరం తీరిపోతే ఏం చేద్దామండీ అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇలాంటి నిధులను చూశాకే క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే లాయరు 1914లో క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ స్థాపించారు. ఆయన క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకుకు అధ్యక్షుడు. చనిపోయినవాళ్ల షరతులు బతికున్నవాళ్ల అవసరాలను కట్టిపడేస్తున్నాయన్నది ఆయన బాధ. ఊరి పెద్దల సంఘం కాలాన్నిబట్టి ప్రయోజనం మార్చుకోగల ఉమ్మడి నిధి అన్న ఆలోచన అలా పుట్టింది. ఇప్పుడు అమెరికాలో అలాంటి కమ్యూనిటీ ఫౌండేషన్లు 900కు పైగా ఉన్నాయి. మొదటిదాన్ని కట్టింది కోటీశ్వరుడో ప్రవక్తో కాదు, రోజూ వీలునామాలు, ట్రస్టు కాగితాలు చూసే వృత్తినిపుణుడు. సలహాదారుల శిక్షణకు ఈ ఫౌండేషన్లే ముందుకు రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇప్పుడు స్కాలర్‌షిప్పు గిట్టుబాటు అవుతుందా లేదా చూద్దాం. ఇవి నేను అనుకుని వేసిన అంకెలు, కావాలంటే మీ అంకెలు పెట్టి చూసుకోవచ్చు. ఒక్కొక్కరికి 4 వేల డాలర్ల చొప్పున 20 మందికి ఇస్తే ఖర్చు 80 వేలు. ఒక్కో సలహాదారు ఏడాదికి 40 కుటుంబాల ఆస్తి పత్రాలు చూస్తే మొత్తం 800 కుటుంబాలు. ఎవరూ అడక్కపోతే 5 శాతం, అంటే 40 కుటుంబాలు దానం రాస్తాయి. సాదాగా అడిగితే 10 శాతం, 80 కుటుంబాలు. పెరిగింది 40. ఒక్కో కుటుంబం 10 వేల డాలర్లు రాసినా ఏడాదికి 4 లక్షలు. పెట్టిన ఖర్చుకు ఐదింతలు. శిక్షణ పొందినవాళ్లలో సగంమంది అడగడం మానేశారనుకోండి, 2 లక్షలు. రాసిన కుటుంబాల్లోనూ సగం తర్వాత మనసు మార్చుకుని వీలునామా తిరగరాశాయనుకోండి, లక్ష. అప్పటికీ ఖర్చు తిరిగొచ్చింది, అదీ ఒక్క ఏడాది పనికే. సలహాదారు ఆ తర్వాత పాతికేళ్లు అదే వృత్తిలో ఉంటాడు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. వీలునామాలోని డబ్బు చేతికి రావడానికి ఇరవై ముప్పయ్యేళ్లు పట్టొచ్చు. ఈ ఏడాది ఇచ్చిన స్కాలర్‌షిప్పుకు వచ్చే ఏడాది ఫలితం చూపించమనే ధర్మకర్తల మండలికి ఈ పని నచ్చదు.

అంతకంటే గట్టి ఇబ్బంది మరొకటి ఉంది. పెట్టుబడుల సలహాదారుల్లో ఎక్కువమంది తమ చేతికింద ఉన్న సొమ్ములో ఏటా ఒక శాతం దాకా ఫీజుగా తీసుకుంటారు. 50 లక్షల డాలర్లున్న ఖాతాదారు 10 లక్షలు దానమిస్తే సలహాదారుకు ఏటా 10 వేల డాలర్ల రాబడి పోతుంది. మంచి మాట చెప్పినందుకు తన జేబుకే చిల్లు. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్లలో చాలాచోట్ల ఆ సొమ్మును పాత సలహాదారే నిర్వహించవచ్చు గనక ఫీజు పోదు. అందుకే సలహా ఆ ఫండ్ల వైపు మొగ్గుతుంది. నేషనల్ ఫిలాంథ్రపిక్ ట్రస్ట్ లెక్క ప్రకారం 2023లో ఆ ఫండ్లలో ఉన్నది 25,152 కోట్ల డాలర్లు, ఆ ఏడు సేవాసంస్థలకు వెళ్లింది 5,477 కోట్లు. ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా ఆస్తిలో సుమారు 5 శాతం పంచాలని చట్టం. ఈ ఫండ్లకు అలాంటి నియమం లేదు. పన్ను మినహాయింపు ఈ రోజే దక్కుతుంది, సొమ్ము ఎప్పుడు బయటికొస్తుందో దాత ఇష్టం. స్కాలర్‌షిప్పు ఇచ్చే ఫౌండేషన్లకూ ఇందులో సొంత లాభం ఉంది. శిక్షణ పొందిన సలహాదారు ఖాతాదారులను తమ ఫండ్లకే తెస్తాడన్న ఆశ.

ఇన్ని చిక్కులున్నా ఈ ఖర్చు సరైనదేనని నా నమ్మకం. ఎవరికి ఇస్తున్నామన్నది చూసుకోవాలి, అంతే. గంటల లెక్కన ఫీజు తీసుకునే సీపీఏలకూ లాయర్లకూ మొదట ఇవ్వాలి. వాళ్లకు ఆస్తి తగ్గితే రాబడి తగ్గదు. పెద్ద నగరాల్లో కోటీశ్వరులకు సలహాలిచ్చే సంస్థలు తమ ఉద్యోగుల ఫీజు తామే కట్టుకోగలవు. చిన్న ఊళ్లో ఒక్కడే కూర్చుని రైతులకూ దుకాణదారులకూ పత్రాలు రాసే లాయరు కట్టుకోలేడు. పరీక్షలు పాసయ్యాకే సగం ఫీజు తిరిగి ఇవ్వాలి. ఎన్ని కుటుంబాలను అడిగారో పేర్లు లేకుండా ఏటా లెక్క చెప్పమనాలి. ఫండ్‌లో వేసిన సొమ్ము ఎన్నాళ్లలో బయటికి వెళ్లాలో దాతతో ముందే మాట్లాడటం కూడా ఆ శిక్షణలో భాగం కావాలి.

ఇందులో మనవాళ్ల సంగతేమిటి? అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో సొంతూరి బడికో, గుడికో, కంటి ఆసుపత్రికో ఏదో ఒకటి పంపనివి అరుదు. అక్కడే చిక్కు మొదలవుతుంది. అమెరికాలో ఏర్పడిన సంస్థకు ఇచ్చిన విరాళానికే అక్కడి పన్ను మినహాయింపు. గుంటూరు జిల్లాలోని ట్రస్టు బడికి నేరుగా పంపిన డాలర్లకు ఏ మినహాయింపూ రాదు. అమెరికాలో 501సీ3 కింద నమోదైన సంస్థ ద్వారా, ఆ సంస్థ తన నిర్ణయంగా పంపితే వస్తుంది. ఇటువైపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం ఉంది. ఒకే ఇంట్లో భర్త అమెరికా పౌరుడై, భార్య చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉందనుకోండి. భార్య తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. భర్త పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఆ బడి నడిపే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఆ ట్రస్టు దాన్ని మరో సంస్థకు మళ్లించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. ఈ సంగతి తెలియక పంపిన డబ్బు, పంపినవారికి పన్ను నష్టమూ తీసుకున్న బడికి చట్టపరమైన చిక్కూ తెచ్చిపెడుతుంది. మంచి మనసుతో చేసిన పని ఊళ్లోవాళ్ల మెడకు చుట్టుకోవడం కంటే బాధ ఏముంటుంది? రెండు దేశాల చట్టాలూ తెలిసి, అమ్మానాన్నల పేరు మీద ఏం చేద్దామనుకుంటున్నారండీ అని తెలుగులో అడగగలిగే సీపీఏలు ఎంతమంది ఉంటే అంత మేలు.

మన దగ్గర పరిస్థితి ఇంకో రకంగా కష్టమవుతోంది. 2024-25 మదింపు సంవత్సరానికి గడువులోగా దాఖలైన 7.28 కోట్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో 5.27 కోట్లు, అంటే 72 శాతం, కొత్త పన్ను విధానంలోనే ఉన్నాయి. అందులో 80జీగా అందరికీ తెలిసిన విరాళాల మినహాయింపు లేదు. రశీదు ఉందా అని ఆడిటరు అడిగే ఆ ఒక్క సందర్భమూ పోయింది. వారసత్వ పన్ను 1985లోనే రద్దయింది గనక వీలునామా రాసేటప్పుడు కూడా పన్ను కోసం దానం మాట రాదు. పెద్ద కంపెనీలకు మాత్రం 2014 నుంచి లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలన్న నియమం ఉంది, దాని చుట్టూ ఎందరో సలహాదారులు తయారయ్యారు. వ్యక్తికి సలహా చెప్పేవాళ్లు తయారు కాలేదు. పన్ను రాయితీ లేనిచోట అడిగే మనిషి అవసరం ఇంకా ఎక్కువ.

అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు ఒక మనవి. తానా 1977 నుంచి ఉంది, రెండేళ్లకోసారి మహాసభలు జరుపుతుంది. మిగతా సంఘాలూ అంతే ఘనంగా జరుపుతాయి. ఆ ఖర్చులో చిన్న భాగం పక్కన పెట్టి, ఏటా పదిమంది తెలుగు సీపీఏలకూ లాయర్లకూ ఈ శిక్షణకు స్కాలర్‌షిప్పులివ్వండి. అందులో కనీసం సగం రెండో తరం పిల్లలకు ఇవ్వండి, వచ్చే ముప్పయ్యేళ్లలో వీలునామాలు రాసేది వాళ్లే. చదివేవారికి కూడా ఒక మాట: మీ పన్నులు చూసే సీపీఏ విరాళాల గురించి అడగకపోతే మీరే అడగండి. అక్టోబరులో అడగండి.